మాటలు తీసేసరికి పాట చప్పబడింది

ఫ్రెంచ్ స్వరకర్త గాబ్రియేల్ ఫోరే రాసిన ‘ఆప్రెజఁ రేవ్’ (‘ఒక కల తర్వాత’, 1878లో అచ్చయింది) పాటను క్లారినెట్ అనే ఊదే వాద్యానికీ, పియానోకీ రాసుకున్నాను. అసలు పాట సి మైనర్ స్కేల్‌లో ఉంటుంది. బి ఫ్లాట్ క్లారినెట్ రాసినదాని కన్నా ఒక మెట్టు కింద మోగుతుంది కాబట్టి, దానికి డి మైనర్‌లో రాసుకుంటే సరిపోయింది, అక్కడ ఇబ్బందేమీ రాలేదు. వాయిస్తే మాత్రం ప్రాణం లేదు.

రెండు వారాలు స్వరాలనే అనుమానించాను. చివరికి స్వరాల కింద ఫ్రెంచ్ మాటలు పెన్సిల్‌తో రాసుకున్నాక తెలిసింది. ‘ఇమాజ్’ అనే మాట మామూలుగా పలికితే జ్‌తో ఆగిపోతుంది. పాటలో మాత్రం ఆ చివరి మూగ అచ్చుకీ ఒక స్వరం ఉంటుంది, గాయకులు దాన్ని గాలిలా వదిలేస్తారు. నేనేమో దాన్ని కూడా నాలుకతో కొట్టి వాయిస్తున్నాను! అలాంటి చోట్లన్నీ ముందు స్వరంతో స్లర్ (నాలుక కొట్టకుండా కలిపి వాయించే గుర్తు) కలిపి, మెల్లగా సన్నబడేలా గుర్తు పెట్టాను. ఊపిరి కూడా బార్ గీత (తాళాన్ని విడగొట్టే నిలువు గీత) చూసి కాకుండా, వాక్యం విరిగే చోటే తీసుకున్నాను.

రెండో చరణాన్ని ఒక స్థాయి (ఆక్టేవ్) కిందకి దించాను. క్లారినెట్ కింది స్థాయిలో ఆ చీకటి గొంతు నాకెంతో ఇష్టం. అప్పుడు పియానోలో ఆగకుండా మోగే కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) దాన్ని మింగేశాయి. పియానో కుడిచేతి కార్డ్స్‌లో ఒక్కో స్వరం తగ్గించాను. ఇప్పుడు వినిపిస్తోంది.