దోమల సీజన్‌కి ముందు: పిల్లల కోసం ప్రయత్నించేవాళ్లు ఇంట్లో పురుగుమందులు, తిండి, బరువు విషయంలో చూసుకోవాల్సినవి

దోమలు, చీమలు, బొద్దింకలు ఒక్కసారిగా ఎక్కువయ్యే రోజుల్లో మన చెయ్యి ముందుగా పోయేది స్ప్రే డబ్బా మీదకే. మామూలుగా అయితే దాని గురించి ఇంత చెప్పుకోనక్కర్లేదు. కానీ రాబోయే నెలల్లో పిల్లల కోసం ప్రయత్నిద్దాం అనుకుంటున్నా, ఇప్పటికే ప్రయత్నిస్తున్నా, సీజన్ మొదలవకముందే ఇంట్లో ఏమేం మందులు ఉన్నాయి, ఎవరు కొడుతున్నారు, ఎక్కడ కొడుతున్నారు అని ఒకసారి చూసుకోండి. ముందే ఎందుకంటే, ఒక వీర్యకణం తయారవడానికి దాదాపు 74 రోజులు పడుతుంది, అది పూర్తిగా సిద్ధమై బయటికి వచ్చేసరికి మూడు నెలలు అనుకోవచ్చు. ఆడవాళ్లలో అండం విడుదలయ్యే ముందు చివరి దశలో పెరగడానికీ ఇంచుమించు అంతే సమయం. అంటే ఇవాళ పీల్చిందీ తిన్నదీ ఇవాళే లెక్కకి రాదు, మూడు నెలల తర్వాతి లెక్కలోకి వస్తుంది. ఇంకో మాట, ఇది ఆవిడ ఒక్కదాని పని కాదు. పిల్లలు పుట్టకపోవడంలో మగవాళ్ల వైపు సమస్య కూడా ఉన్న కేసులు సుమారు సగం ఉంటాయి.

పురుగుమందుకీ పిల్లలు పుట్టకపోవడానికీ సంబంధమేంటి అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1977లో అమెరికాలోని కాలిఫోర్నియాలో లాత్రప్ అనే ఊళ్లో ఒక పురుగుమందుల ఫ్యాక్టరీ కార్మికులకి అనుమానం వచ్చింది, మనలో చాలామందికి పిల్లలు పుట్టడం లేదేంటి అని. పరీక్షలు చేయిస్తే కొందరిలో వీర్యకణాలు అసలు లేవు, కొందరిలో బాగా తక్కువ. కారణం డీబీసీపీ, నేలలోని నులిపురుగుల్ని చంపే మందు. రెండేళ్లలో, 1979లో, అమెరికా దాని వాడకాన్ని దాదాపు పూర్తిగా నిషేధించింది. గమనించండి, పసిగట్టింది డాక్టర్లు కాదు, అక్కడ పనిచేసేవాళ్లే.

అయితే అది ఫ్యాక్టరీ మోతాదు, మన ఇంట్లో ఉండే మందు అది కాదు. డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివితే ఎక్కువగా కనపడేవి ఆలెత్రిన్, ప్రాలెత్రిన్, ట్రాన్స్‌ఫ్లుత్రిన్, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి పేర్లు. వీటన్నిటినీ కలిపి పైరెత్రాయిడ్లు అంటారు. వీటి అవశేషాలు మూత్రంలో ఎక్కువగా ఉన్న మగవాళ్లలో వీర్యకణాల సంఖ్య, కదలిక కాస్త తక్కువగా ఉన్నట్టు కొన్ని అధ్యయనాల్లో తేలింది, కొన్నిట్లో తేలలేదు. ఆడవాళ్ల విషయంలో సర్వేలు చాలావరకు ఒక్క పూటలో తీసిన ఫొటో లాంటివి. అమెరికాలో ఎన్‌హేన్స్ అనే పెద్ద ఆరోగ్య సర్వే ఉంది, అందులో గత 7 రోజుల్లో ఇంట్లో పురుగుల మందు వాడారా అని అడుగుతారు, పిల్లల కోసం ఏడాది ప్రయత్నించినా గర్భం రాని సందర్భం ఎప్పుడైనా ఉందా అనీ అడుగుతారు. పోయిన వారం కొట్టిన స్ప్రే ఎప్పుడో ఐదేళ్ల కిందటి సమస్యకి కారణం ఎలా అవుతుంది? కాబట్టి ‘స్ప్రే వల్ల సంతానలేమి’ అని ఎవరైనా బల్లగుద్ది చెప్తే నమ్మేయకండి. అలాగని ఏమీ లేదు పొమ్మనడానికీ లేదు. నా లెక్కలో తేల్చుకోవడం కష్టమేమీ కాదు. పైరెత్రాయిడ్లలో ఎక్కువ భాగం కొద్ది రోజుల్లోనే ఒంట్లోంచి బయటికి పోతుంది, కాబట్టి వాడకం తగ్గిస్తే ఒంట్లో ఉన్న మందు త్వరగానే తగ్గుతుంది. తగ్గించడం వల్ల పోయేదీ ఏం లేదు, రుజువులు పూర్తిగా వచ్చేదాకా ఆగడం దేనికి?

ఒంట్లోంచి త్వరగా పోతుంది గానీ ఇంట్లోంచి పోదు, అసలు చిక్కు అక్కడే ఉంది. బయట ఎండ, వాన తగిలి విరిగిపోయే మందు గది లోపల వారాలు, నెలలు ఉండిపోతుంది. తివాచీలో, సోఫా సందుల్లో, మంచం కింద దుమ్ములో చేరుతుంది. పొడి చీపురుతో ఊడిస్తే ఆ దుమ్మే మళ్లీ లేచి ముక్కులోకి పోతుంది. అందుకే తడిగుడ్డతో తుడవండి, తుడిచాక చేతులు కడుక్కోండి. సింకు కింద బొద్దింకలకి స్ప్రే కొట్టేటప్పుడు ఎలా కొడతామో ఒకసారి గుర్తుతెచ్చుకోండి. వంగి, తల ఆ చిన్న అలమారాలోకి పెట్టి, కుళాయి గొట్టం వెనక్కి బుస్సున కొడతాం. ఆ మబ్బు గోడకి తగిలి తిరిగి మన మొహం మీదకే వస్తుంది, మిగిలింది పక్కన బోర్లించిన గిన్నెల మీద పడుతుంది. అదే చోట జెల్ మందు చిన్న చుక్కగా కీళ్ల దగ్గర, పైపు సందులో పెడితే గాల్లోకి దాదాపు ఏమీ రాదు, బొద్దింకలకి అదే బాగా పనిచేస్తుంది కూడా. జెల్ పెట్టిన చోట మళ్లీ స్ప్రే కొట్టొద్దు, వాసనకి పురుగు జెల్ దగ్గరికి రాదు, రెండూ దండగ.

దోమల చుట్ట (కాయిల్) గురించి విడిగా చెప్పాలి. మూసిన గదిలో ఒక్క చుట్ట పూర్తిగా కాలితే వచ్చే సూక్ష్మ ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత అని 2003లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కకట్టింది. సిగరెట్ మానేశానండీ అని గర్వంగా చెప్పుకునే ఆయన తలగడ పక్కన రాత్రంతా చుట్ట వెలుగుతుంటే ఇక మానేసి ఏం లాభం. ప్లగ్‌లో పెట్టే లిక్విడ్ మెషిన్‌లో పొగ ఉండదు కానీ మందు గాల్లోకి వస్తూనే ఉంటుంది. వాడాల్సి వస్తే మంచానికి దూరంగా, కిటికీ కాస్త తీసి, నిద్రపోయే ముందు కాసేపు పెట్టి ఆపేయండి.

ఇదంతా చదివి మందులన్నీ బయట పారేసి దోమల్ని ఇంట్లోకి రానిస్తే మాత్రం ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టే. గర్భంతో ఉన్నప్పుడు మలేరియా వస్తే తల్లికీ బిడ్డకీ ప్రమాదం, జికా వస్తే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతినొచ్చు. దోమ కుట్టకుండా చూసుకోవడం తప్పనిసరి, ఎలా చూసుకుంటాం అన్నదే మన చేతిలో ఉంది. ముందు కిటికీలకి జాలీ, మంచానికి దోమతెర, నిలవ నీళ్లు వారానికి ఒకసారైనా పారబోయడం. మలేరియా ఉన్న చోట్ల గర్భిణులకి మందు పట్టించిన దోమతెరల్ని ప్రపంచ ఆరోగ్య సంస్థే సిఫార్సు చేస్తుంది, ఆ మందూ పైరెత్రాయిడే, అయినా లాభం ఎక్కువ కాబట్టి. దోమలు కుట్టకుండా ఒంటికి రాసుకునే డీట్, ఐకారిడిన్ లాంటివి లేబుల్ మీద చెప్పినట్టు వాడితే గర్భంలో కూడా వాడొచ్చు. పురుగులకైతే సందులు పూడ్చడం, రాత్రి గిన్నెలు అలా వదలకపోవడం, కారే కుళాయి బాగుచేయించడం. వినడానికి చప్పగా ఉంటాయి గానీ పనిచేసేవి ఇవే.

‘ఇది కెమికల్ కాదు, సహజం’ అని చెప్పి అమ్మే పొడుల దగ్గర కూడా జాగ్రత్త. బోరిక్ యాసిడ్ పొడిని చాలామంది ప్రమాదం లేనిది అనుకుంటారు. ఎక్కువ మోతాదులో అది పునరుత్పత్తికి హాని చేస్తుందని యూరోపియన్ యూనియన్ ఆ జాబితాలోనే పెట్టింది. మూలల్లో, చేతికి అందని చోట కొంచెం పెడితే పర్వాలేదు, నేలంతా చల్లొద్దు. పొలానికి కొట్టే మందు నీళ్లలో కలిపి ఇంట్లో కొట్టడం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. తాగే నీళ్ల సీసాల్లో మందు పోసి పెట్టడం కూడా వద్దే వద్దు.

నల్లులో చెదలో పట్టి మందు కొట్టించక తప్పదు అనుకోండి. పిల్లల కోసం ప్రయత్నం మొదలుపెట్టకముందే ఆ పని అయిపోయేలా చూసుకోండి, కుదిరితే రెండు మూడు నెలల ముందు. కొట్టే రోజు ఇద్దరూ ఇంట్లో ఉండొద్దు. గిన్నెలు, తిండి, పక్కబట్టలు కప్పి పెట్టండి, తిరిగొచ్చాక కిటికీలన్నీ తీసి గంటల తరబడి గాలి ఆడనివ్వండి. ఏ మందు కొట్టారో పేరు రాయించుకోండి. ఆయనే స్వయంగా కొడతానంటే చేతికి గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా ఉండాలి, పనయ్యాక బాత్రూమ్‌కి వెళ్లే *ముందు* చేతులు సబ్బుతో కడుక్కోవాలి. నవ్వులాటకి చెప్పడం లేదు. పారాథియాన్ అనే మందుతో వెనకటికి మనుషుల మీద చేసిన పరీక్షల్లో ముంజేతి చర్మంతో పోలిస్తే వృషణాల సంచి చర్మం దాదాపు 12 రెట్లు ఎక్కువగా పీల్చుకుంది. మందు అంటిన చెయ్యి ఎక్కడెక్కడ తగులుతుందో మగవాళ్లు ఆలోచించుకోవాలి. పొలంలో, తోటల్లో మందు పని చేసేవాళ్లు ఆ బట్టలతో ఇంట్లోకి రాకుండా, వాటిని విడిగా ఉతికిస్తే ఇంకా మంచిది.

ఇక తిండి. కూరగాయల మీద మందు ఉంటుంది కదా, మానేస్తే పోలా అనేవాళ్లకి ముందే చెప్తున్నా, వద్దు. బోస్టన్‌లో సంతాన చికిత్సకి వచ్చిన జంటల మీద ఎర్త్ అనే అధ్యయనం జరిగింది. మందు అవశేషాలు ఎక్కువగా ఉండే పళ్లు, కూరగాయలు ఎక్కువగా తిన్న మగవాళ్లలో వీర్యకణాలు తక్కువగా కనిపించాయని 2015లో, అలాంటివే ఎక్కువ తిన్న ఆడవాళ్లలో చికిత్స ఫలించే అవకాశం తక్కువగా ఉందని ఆ తర్వాత రెండు మూడేళ్లలో ఫలితాలు వచ్చాయి. కానీ అవశేషాలు తక్కువ ఉన్నవి తిన్నవాళ్లకి ఏ నష్టమూ కనపడలేదు. అంటే చిక్కు కూరగాయతో కాదు. తొక్క తీసి తినేవి, పైపొర ఒలిచేవి ఎక్కువ చేసుకోండి, ఆకుకూరల్నీ తొక్కతో తినే పళ్లనీ పారే నీళ్ల కింద చేత్తో రుద్ది కడగండి. వంటసోడా నీళ్లలో 12 నుంచి 15 నిమిషాలు ఉంచితే యాపిల్ పైన ఉన్న రెండు మందులు పోయాయని 2017లో అమెరికాలో చేసిన ప్రయోగంలో తేలింది, లోపలికి ఇంకినది మాత్రం పోలేదు. సబ్బు, డిటర్జెంట్ వాడొద్దు.

నూనె పదే పదే కాచి వేయించినవి, వనస్పతితో చేసినవి తగ్గించండి. అమెరికాలో వేల మంది నర్సుల్ని ఏళ్ల తరబడి గమనించినప్పుడు, ఇలాంటివాటిలో ఉండే ట్రాన్స్ ఫ్యాట్ అనే చెడ్డ కొవ్వు ఎక్కువ తిన్నవాళ్లలో అండం విడుదల కాకపోవడం వల్ల వచ్చే సంతానలేమి ఎక్కువగా కనిపించింది. ఆవిడ ఫోలిక్ యాసిడ్ రోజుకి 400 మైక్రోగ్రాములు గర్భానికి కనీసం ఒక నెల ముందు నుంచే మొదలుపెట్టాలి, ఇది మాత్రం వాదన లేని విషయం. ఆయనకి ‘స్పెర్మ్ పవర్’ అంటూ అంటగట్టే మాత్రల సంగతి వేరు. జింక్, ఫోలిక్ యాసిడ్ కలిపి 2 వేలకి పైగా జంటల్లో మగవాళ్లకి ఇచ్చి చూస్తే వీర్యంలోనూ తేడా రాలేదు, పుట్టిన పిల్లల సంఖ్యలోనూ తేడా రాలేదు. ఆ డబ్బులతో గింజలు, పప్పులు, పళ్లు కొనుక్కోండి.

బరువు దగ్గర జనం ఒక వైపే చూస్తారు. కొవ్వు ఎక్కువైతే ఇన్సులిన్ సరిగ్గా పనిచేయక అండం విడుదల గాడి తప్పుతుంది, పీసీఓఎస్ (హార్మోన్లు గాడి తప్పి అండం సరిగ్గా విడుదల కాని సమస్య) ఉన్నవాళ్లలో మరీను. మగవాళ్లలో కొవ్వు కణాలు మగ హార్మోన్ టెస్టోస్టెరోన్‌ని ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్‌గా మార్చేస్తాయి. బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 30 దాటినవాళ్లు ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందిలో నెలసరి దారికొస్తుంది. కానీ బీఎంఐ 18.5 కంటే తక్కువ ఉన్నవాళ్లకి కూడా ఇబ్బందే, తిండి చాలడం లేదనిపిస్తే మెదడు అండం పని ఆపేస్తుంది. వాళ్లకి చెప్పాల్సింది ఇంకో ముద్ద తినమని.

పాతకాలపు పురుగుమందులు కొన్ని, డీడీటీ లాంటివి, ఒంటి కొవ్వులో ఏళ్ల తరబడి దాక్కుంటాయి, బరువు వేగంగా తగ్గితే రక్తంలోకి వస్తాయి. కాబట్టి ఒకపక్క కడుపు మాడ్చుకుంటూ ఇంకోపక్క ప్రయత్నం చేయడం కంటే, ముందు నిదానంగా తగ్గి, బరువు నిలకడగా ఉన్నాక ప్రయత్నించడం మేలు. బరువు తగ్గే ఇంజెక్షన్లు వాడుతుంటే డాక్టర్‌కి చెప్పి ఆపాలి, సెమాగ్లుటైడ్ అయితే కనీసం రెండు నెలల ముందే. అలాగని వయసు మీద పడుతుంటే బరువు కోసం ఏళ్లు వాయిదా వేయడమూ సరికాదు. సంతాన చికిత్సకి ముందు గట్టిగా బరువు తగ్గించి చూసిన పెద్ద ట్రయల్స్‌లో పిల్లలు పుట్టే అవకాశం అనుకున్నంత పెరగలేదు.

ఏడాది ప్రయత్నించినా రాకపోతే, ఆవిడకి 35 దాటితే ఆరు నెలలకే, 40 దాటితే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇద్దరూ కలిసి వెళ్లండి, వీర్య పరీక్ష మొదటి రోజే చేయించుకోండి, అది తేలిక, చవక. ఇంట్లో గత మూడు నెలల్లో ఏ పురుగుమందులు వాడారో ఆ డబ్బాల లేబుల్స్ ఫోన్‌లో ఫొటో తీసుకెళ్లండి, ఆయన పనిలో రసాయనాలు ఉంటే వాటి పేర్లు కూడా. డాక్టర్ అడక్కపోతే మీరే చూపించండి.