ఏటిగట్టు చెట్ల మీద వెదురు పిచ్చుకల్ని చూడాలంటే

వెదురు పిచ్చుకలు (ఇంగ్లీషులో కామన్ రోజ్‌ఫించ్) చలికాలానికి హిమాలయాల నుంచి, ఇంకా ఉత్తరాది దేశాల నుంచి దిగివస్తాయి. ఒడిశాలో గుణుపురం దగ్గర వంశధార, రాయగడ దగ్గర నాగావళి గట్ల మీద వెతకాలంటే ఆకు పలచబడే జనవరి, ఫిబ్రవరి నెలలు అనువు.

ముందు పిట్టను కాదు, మేతను వెతకండి. గింజ పట్టిన వెదురు పొద దొరికితే అంతకు మించింది లేదు. కానీ వెదురు ఏళ్ల తరబడి ఆగి, ఒక్కసారి గింజ పట్టి చచ్చిపోతుంది. అందుకని పండిన మర్రి, జువ్వి, లాంటానా పొదలు, గట్టు పక్క జొన్న చేలు చూసుకోండి. చెట్టు కింద తాజా పొట్టు రాలి ఉంటే అక్కడే ఆగండి.

తెల్లారాక మొదటి రెండు గంటలే ముఖ్యం. ఎండ వీపున పడేలా, చెట్టుకు 20, 25 మీటర్ల ఎడంగా కూర్చోండి. చెట్టు కిందికెళ్లి తల ఎత్తితే ఆకాశపు వెలుగుకి పిట్టలన్నీ నల్లగానే కనిపిస్తాయి. 8×42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే, 42 మి.మీ. అద్దాల) బైనాక్యులర్ సరిపోతుంది, కానీ దాంతో కొమ్మలన్నీ గాలించొద్దు. ముందు వట్టి కళ్లతో చూడండి. రెమ్మ కదిలిందా, చూపు అక్కడే నిలిపి బైనాక్యులర్ ఎత్తండి.

మేత మీదున్న పిట్ట తల పెద్దగా కదలదు. గింజను ముక్కు అంచుల మధ్య నాలుకతో దొర్లిస్తూ పొట్టు చీలుస్తుంది. పొట్టు రెండు పక్కలా రాలుతుంది, పప్పు లోపలికి పోతుంది. చూడాల్సిందల్లా ఇదే, తొందరపడకండి.

పొరపాటు ఎక్కువగా ఆడపిట్ట దగ్గరే జరుగుతుంది. ఎదిగిన మగదానికి తల, రొమ్ము, నడుము ఎర్రగా ఉంటాయి. ఆడది, తొలి చలికాలపు మగది మాత్రం గోధుమరంగువే, కాబట్టి గుంపులో ఎరుపు లేదని వదిలేయకండి. రొమ్ము మీద సన్నని చారలు, రెక్క మీద రెండు పాలిపోయిన పట్టీలు, పొట్టి లావు ముక్కు, చీలిన తోక చూడండి. ఊరపిచ్చుక ఆడదానికి కంటిపై లేతగీత ఉంటుంది, రొమ్ముమీద చారలుండవు. అదే చెట్టు మీదికొచ్చే కొండపిచ్చుకకీ (పసుపు గొంతు పిచ్చుక) రొమ్ము సాదానే, ముక్కు కాస్త సన్నం. కంటికి అందకపోతే చెవి పెట్టండి: పైకి లేచే "టుఈ" అన్న ఈల.

ఫోన్లో ఆ కూత వినిపించి పిలవడం వద్దు, మేత మానేస్తాయి. గుంపు లేచిపోతే వెంటపడకుండా పది, పదిహేను నిమిషాలు కదలకుండా ఉండండి. మేత మిగిలుంటే తరచు తిరిగొస్తాయి.

లాంటానా పొదల్లోకి మాత్రం దూరకండి, ఎలుగు ఉండొచ్చు. ఏనుగులు తిరుగుతున్నాయేమో ముందురోజే ఊళ్లో అడిగి బయల్దేరండి.