ఇంజిన్ ఆయిల్ చిక్కదనాన్ని ఎంచుకునే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

ఆయిల్ కొనకముందే కారుతో పాటు ఇచ్చిన పుస్తకం తెరిచి, తయారీదారు సూచించిన గ్రేడు, అంటే ఆయిల్ చిక్కదనాన్ని తెలిపే గుర్తు, ఏదో చూసి రాసుకోవాలి. కొన్ని కార్లలో ఆయిల్ పోసే మూత మీదా అది ముద్రించి ఉంటుంది.

5డబ్ల్యూ-30 అన్న గ్రేడులో డబ్ల్యూ ముందున్న అంకె ఎంత చిన్నదైతే, చల్లని ఇంజిన్‌లో ఆయిల్ అంత తేలికగా పారుతుంది. చివరి అంకె 100 డిగ్రీల సెల్సియస్ వద్ద దాని చిక్కదనాన్ని తెలుపుతుంది. కనుక 10డబ్ల్యూ-30తో పోల్చినప్పుడు తేడా ప్రధానంగా చలిలోనే కనిపిస్తుందని గ్రహించాలి.

చిక్కటి ఆయిల్ పోస్తే రక్షణ ఎక్కువన్న నమ్మకం చాలామందిలో ఉంది గానీ, దానిని అన్ని ఇంజిన్లకూ వర్తింపజేయకూడదు. భాగాల మధ్య సన్నని ఖాళీలతో రూపొందిన ఇంజిన్లలో అటువంటి ఆయిల్, స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో పైభాగాలకు ఆలస్యంగా చేరడమే కాక, ఇంధన వినియోగాన్ని పెంచి, ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తూ వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే వాల్వు టైమింగ్ వ్యవస్థకు ఆటంకం కలిగించవచ్చు. మరీ పల్చనిదైతే బేరింగుల వద్ద ఆయిల్ పొర తెగి లోహాలు ఒరుసుకునే ప్రమాదముంది.

పుస్తకంలో ఒకటికి మించి గ్రేడులుంటే, వాతావరణాన్నీ లాగే బరువునూ బట్టి వాటిలోనే ఎంచుకోవాలి.

ఆయిల్ తరచుగా తగ్గుతోందని చిక్కటిదానికి మారే ముందు లీకేజీని, పిస్టన్ రింగులను, వాల్వు సీళ్లను పరీక్షించాలి. లేకుంటే అసలు లోపం మరుగున పడుతుంది.

గ్రేడు కుదిరినా, డబ్బా మీది ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) లేదా ఏసీఈఏ (ఐరోపా వాహన తయారీదారుల సంఘం) నాణ్యతా ప్రమాణం సరిచూడాలి. పొగలోని మసిని పట్టే డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టరున్న కారుకు తక్కువ బూడిద మిగిల్చే ఆయిల్ అవసరం.