అకార్డియన్ మీద జానపదం పలకడం లేదా? పాట ఎంపికలో సమస్యలు - పరిష్కారాలు

కొత్తగా అకార్డియన్ పట్టినవాళ్ళు పాట కుదరకపోతే ముందు తమ వేళ్ళనే తిట్టుకుంటారు. చాలాసార్లు తప్పు వేళ్ళది కాదు, ఎంచుకున్న పాటదీ దానికి పెట్టుకున్న శృతిదీ. సంక్రాంతి గొబ్బి పాట గంటలో పట్టుబడ్డ చేతికే చిన్న జోలపాట రోజుల తరబడి లొంగకపోవచ్చు. ఇక్కడ చెప్పేవన్నీ ఎడమచేతి వైపు 12 నుంచి 48 బేస్ బటన్లున్న చిన్న పియానో అకార్డియన్‌కి వర్తిస్తాయి. డయాటోనిక్ బటన్ రకంలో బెల్లోస్ (గాలి ఆడే మడతల తిత్తి) తెరిస్తే ఒక స్వరం, మూస్తే ఇంకో స్వరం పలుకుతుంది కాబట్టి దాని లెక్క వేరు.

సమస్య: లైను సగంలో ఉండగానే గాలి అయిపోతోంది

కారణాలు రెండు. ఒకటి, పాటలో లైన్లు పొడుగ్గా ఉండటం. రెండు, ఎడమచేతి కార్డ్ బటన్‌ని నొక్కి అలాగే ఉంచేయడం. బేస్ వైపు రీడ్లు (గాలికి కంపించి స్వరం పలికే లోహపు నాలుకలు) పెద్దవి, గాలి బాగా లాగేస్తాయి. పైగా కార్డ్ నొక్కితే ఒకేసారి మూడు నాలుగు స్వరాలు మోగుతాయి.

ముందు బటన్ల సంగతి చూడండి. కార్డ్‌ని తట్టి వెంటనే వదిలేయండి. అయినా గాలి చాలకపోతే పాట మార్చండి. ఒకరు అంటే మిగతావాళ్ళు వంత అందుకునే పాటలు మొదటి నెలలకి సరిగ్గా సరిపోతాయి. వల లాగేటప్పుడు జాలర్లు పాడే పాటల తీరు చూడండి: ముందుపాట చిన్నది, వెనకే ‘హైలెస్సా’ అని గుంపు అందుకుంటుంది. ముందుపాటకి బెల్లోస్ తెరవండి, వంతకి మూయండి. ఊపు ఎక్కడ పడాలో పాటే చెబుతుంది. కోలాటం పాటల పల్లవులూ ఇలాగే నడుస్తాయి గానీ పోనుపోను వేగం పెరుగుతుంది. మొదట్లో తొలి కాలం (మొదటి వేగం) దాటి వెళ్ళకండి.

నోట్‌బుక్‌లో ప్రతి లైను పక్కన ‘తె’, ‘మూ’ అని రాసుకోండి. మాట మధ్యలో బెల్లోస్ తిప్పితే పదం విరిగినట్టు వినిపిస్తుంది. తిప్పడం లైను చివరే జరగాలి.

సమస్య: పల్లవి బాగానే ఉంది, చరణంలో మెట్లు చాలడం లేదు

26 మెట్ల అకార్డియన్‌లో సాధారణంగా అడుగున బి, చివర సి ఉంటాయి. హార్మోనియం అలవాటుతో ఒకటి శృతి, అంటే అడుగు సి మీద షడ్జం (‘స’) పెడితే కిందికి నిషాదం ఒక్కటే మిగులుతుంది. మన జానపదాల్లో చాలా వరసలు మంద్ర పంచమం (కింది స్థాయి ‘ప’) దాకా దిగుతాయి. చెయ్యి అక్కడ గాల్లో తడుముకుంటుంది.

షడ్జాన్ని ఎఫ్ (నాలుగు శృతి) మీద గానీ జి (అయిదు శృతి) మీద గానీ పెట్టండి. ఎఫ్ అయితే మంద్ర పంచమం నుంచి తార పంచమం (పై స్థాయి ‘ప’) దాకా, జి అయితే మంద్ర పంచమం నుంచి తార మధ్యమం దాకా మెట్లు దొరుకుతాయి. జానపదానికి ఇంతకుమించి అక్కర్లేదు.

పాట మరీ కిందికి దిగనిదైతే, శృతి ఎంచుకునేటప్పుడు నల్ల మెట్లు తప్పించే ఉపాయం కూడా ఉంది. శంకరాభరణం పోకడ వరసలకి సి, హరికాంభోజి పోకడకి జి, ఖరహరప్రియ, మధ్యమావతి పోకడలకి డి షడ్జంగా పెట్టుకుంటే స్వరాలన్నీ తెల్ల మెట్ల మీదే పడతాయి. రాగం పేరు తెలియకపోయినా నష్టం లేదు. పాటని ఈ మూడు చోట్లా వాయించి చూడండి. నల్ల మెట్టు అడగని చోటే దాని ఇల్లు.

సమస్య: కుడిచేయి సరిగానే ఉంది, ఎడమచేయి కలిపితే అపశృతి

పాటల ఎంపికలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. 12 బేస్ రకంలో సాధారణంగా బెల్లోస్ పక్క వరసలో ఒంటి బేస్ స్వరాలు, బయటి వరసలో మేజర్ కార్డులు ఉంటాయి. మేజర్ కార్డ్‌లో అంతర గాంధారం (పెద్ద ‘గ’) కలిసే ఉంటుంది. మీ పాటలో సాధారణ గాంధారం (దాని కింది మెట్టు మీది చిన్న ‘గ’) ఉంటే రెండు గాంధారాలూ ఒకేసారి మోగి కొట్టుకుంటాయి. ఎంత సాధన చేసినా ఈ గొడవ తీరదు.

కార్డులు మానేసి షడ్జం, పంచమం బేస్ బటన్లు రెండే వాడండి. గుంట గానీ మెరిసే రాయి గానీ ఉన్నది సి బటన్. దాని పైన, గడ్డం వైపు, వరసగా జి, డి, ఏ. షడ్జం ఏ బటన్ అయినా పంచమం దానికి పై బటనే. ఈ రెండూ మార్చి మార్చి తడితే తంబూరా శృతిలా నిలబడుతుంది, ఏ గాంధారంతోనూ తగాదా రాదు. 48 బేస్ ఉంటే మైనర్ కార్డుల వరస కూడా ఉంటుంది, అది వాడుకోవచ్చు. కార్డులు వాయించాలనే సరదా ఉన్నవాళ్ళు అంతర గాంధారం ఉన్న పాటలే ముందు ఎంచుకోవాలి.

సమస్య: స్వరాలన్నీ సరే, పాటలా వినపడటం లేదు

మాటలు లేకుండా ‘లాలా’ అంటూ పాడి చూడండి. చప్పగా ఉంటే ఆ పాట ప్రాణం సాహిత్యంలో ఉందన్నమాట. జముకు వాద్యంతో చెప్పే జముకుల కథలో కథ నడిపే భాగాలు అలాంటివి. నాలుగు స్వరాల మీద కథంతా నడుస్తుంది. వాటిని అకార్డియన్‌కి ఎంచుకోకండి. తప్పెట కొడుతూ ఆడే తప్పెటగుళ్ళ పాటలకి తప్పెట దెబ్బా అడుగూ తోడుండాలి. వాయిద్యగాడు పక్కన ఉంటేనే పట్టుకోండి.

‘లాలా’తో బాగుండి, మెట్ల మీద మాత్రం బిగుసుకుపోతే జారుడు స్వరాలు కారణం. అకార్డియన్ మెట్టుకీ మెట్టుకీ మధ్య జారదు. కొత్తలో అక్షరానికో స్వరం పడే పాటలు చూసుకోండి: గొబ్బి పాటలు, దంపుడు పాటలు, పిల్లల ఆటపాటలు. సాగదీసే జోలపాటలు తర్వాత.

సమస్య: తాళం తప్పుతోంది

బేస్-కార్డ్, బేస్-కార్డ్ అనే నడక చతురశ్రానికే (నాలుగు మాత్రలకే) నప్పుతుంది. తిశ్రానికి (మూడు మాత్రలకి) బేస్-కార్డ్-కార్డ్ వేయండి. ఏడు మాత్రల (3+2+2) పాటకి ఒకటో మాత్ర మీద బేస్, నాలుగు, ఆరు మాత్రల మీద కార్డ్. ముందు ఎడమచేయి ఒక్కటే మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బల మీద నడిపించి, నోటితో పాడగలిగాకే కుడిచేయి కలపండి.

సమస్య: ఏ పాటలోనైనా ఒకే స్వరం ఆలస్యంగా పలుకుతోంది, లేదా బుసకొడుతోంది

విశాఖ తేమకీ ఉప్పుగాలికీ ఉక్కు రీడ్ తుప్పుపడుతుంది, రీడ్ల మీది చిన్న తోలు పట్టీలు వంకరపోతాయి. తెరిచేటప్పుడు, మూసేటప్పుడు ఒకే స్వరానికి వేరువేరు రీడ్ నాలుకలు పలుకుతాయి. ఒకవైపే తేడా ఉంటే దోషం రీడ్‌దో తోలుదో. రెండువైపులా ఉంటే మెట్టునో దాని కింద మూతనో చూడాలి. విప్పకండి, మరమ్మతు తెలిసినవాళ్ళకి ఇవ్వండి. వాయించాక సిలికా జెల్ పొట్లాలు వేసిన పెట్టెలో నిలువుగా పెట్టండి. బీచ్ రోడ్డులో ఎండకి ఆపిన కారులో వదిలితే రీడ్లను పట్టి ఉంచే మైనం మెత్తబడుతుంది. బాగుచేయించేదాకా ఆ మెట్టు తగలని శృతికి పాటని మార్చుకోండి. ఇ చెడితే, మోహన పోకడ పాటని సి నుంచి ఎఫ్‌కి జరిపితే ఎఫ్, జి, ఏ, సి, డి చాలు, ఇ అవసరమే రాదు.