ఐస్ ప్లాంటులో అమోనియా లీకైతే

ఐస్ ప్లాంట్లలోనూ, రొయ్యల శుద్ధి కర్మాగారాల్లోనూ శీతలీకరణకు వాడే అమోనియా నీటిలో ఇట్టే కరుగుతుంది కనుక, ఎప్పుడూ తడిగా ఉండే కళ్లనూ, ముక్కునూ, గొంతునూ ముందుగా కాలుస్తుంది. ఎనిమిది గంటల పనిలో గాలిలో దాని మోతాదు సగటున 25 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 25 పాళ్లు) దాటకూడదు. 300 పీపీఎం ప్రాణాపాయకరం. రోజూ పీల్చేవారికి ఘాటు అలవాటవుతుంది కాబట్టి ముక్కును కాక, వాయువును పసిగట్టే డిటెక్టరునే నమ్మాలి. గోడకు అలంకారంగా మిగిలిన డిటెక్టరు ఉన్నా లేనట్టే.

లీకైనప్పుడు ముక్కుకు తడిగుడ్డ అడ్డం పెట్టుకొని, గాలివాలుకు పక్కగా తప్పుకొని బయటపడాలి. ఆ గుడ్డను నమ్ముకొని వాల్వు మూయడానికి లోపలికి వెళ్లరాదు. కళ్లను రుద్దకుండా, రెప్పలు విప్పి పట్టుకొని కనీసం 15 నిమిషాలు నీటిధారతో కడగాలి. మడుగు కట్టిన ద్రవ అమోనియాపై మాత్రం నీళ్లు పోస్తే అది మరింత ఆవిరై ఎగసిపడుతుంది. బాధితుడు కోలుకున్నట్లు కనిపించినా, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత బయటపడవచ్చు గనుక ఆసుపత్రిలో పరిశీలనలో ఉంచాలి.