పెరుగు పులిసిందా, పాడైందా? లక్షణం, కారణం, పరిష్కారం

పెరుగు విషయంలో చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు తలకిందులుగా ఉంటుంది. రెండు మూడు రోజులు నిలవ ఉండి బాగా పులిసిన పెరుగును పాడైపోయిందని పారబోస్తారు. గిన్నె అంచున బూజు చుక్క కనిపించిన పెరుగునేమో ఆ చుక్క మేరకు చెంచాతో తీసేసి, మిగిలినది మజ్జిగ చేసుకుంటారు. నిజానికి మొదటిది వంటకు పనికివచ్చేది, రెండవది పారేయవలసినది.

ఈ తేడాకు కారణం పెరుగు తయారయ్యే తీరులోనే ఉంది. తోడులోని లాక్టిక్ బాక్టీరియా పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే సూచిక, పులుపు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) 4.6 దగ్గరకు దిగేసరికి కేసీన్ అనే మాంసకృత్తి గడ్డకట్టి, పాలు పెరుగవుతాయి. పాలను చెడగొట్టే సూక్ష్మజీవుల్లో చాలా వాటిని ఎదగనివ్వకుండా కాపలా కాసేది కూడా ఆ ఆమ్లమే. అయితే బూజు, ఈస్ట్ మాత్రం ఆ కాపలాను లెక్కచేయవు. అందుకే పెరుగు చెడిపోవడంలో ఎక్కువ పాత్ర ఈ రెండింటిదే.

పెరుగు బాగా పుల్లగా ఉంది

పాలు తోడుకున్నంత మాత్రాన బాక్టీరియా పని ఆగిపోదు. వేసవిలో నాలుగైదు గంటల్లోనే గడ్డకట్టే పెరుగును తెల్లవారేదాకా వంటింట్లోనే ఉంచితే, మిగిలిన గంటలన్నీ అది పులుస్తూనే ఉంటుంది. 5 డిగ్రీల సెల్సియస్‌కు లోపు చల్లదనంలో ఈ పని బాగా నెమ్మదిస్తుంది గాని పూర్తిగా ఆగదు కాబట్టి, ఫ్రిజ్‌లోని పెరుగు కూడా రోజురోజుకూ కొంత పులుపెక్కుతుంది. ఎండాకాలంలో తోడు తగ్గించి, అరలీటరు పాలకు అరచెంచాతో సరిపెట్టి, గిన్నెను కొద్దిగా వంచినప్పుడు పెరుగు కదలకుండా నిలిచిన వెంటనే ఫ్రిజ్‌లోకి మార్చడమే దీనికి పరిష్కారం.

ఇప్పటికే పులిసిన పెరుగులో వాసన, రంగు మామూలుగా ఉంటే దానిని నిశ్చింతగా వంటకు వాడుకోవచ్చు. కమ్మటి పెరుగుతో చేసిన మజ్జిగ పులుసుకు ఆ రుచి రాదు. పుల్లట్లకు, చల్ల మిరపకాయలకు పుల్లటి మజ్జిగే కావాలి. మన వంటలో పులిసిన పెరుగుకు ఇంత చోటు ఉండగా దానిని పారబోయడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

పైన నీరు తేరింది

గరిటెతో ఒక పక్క నుంచి తీసుకున్నప్పుడు ఆ గుంటలో నీరు ఊరడం సహజం. గడ్డలోని తేట బయటికి వచ్చిందే తప్ప పెరుగు చెడిపోలేదు. దానిని తిరిగి కలుపుకోవచ్చు, లేదా వంపి చపాతీ పిండిలో కలుపుకోవచ్చు.

నురగ, బుడగలు కనిపిస్తున్నాయి. ప్యాకెట్ మూత ఉబ్బింది

తేటతో పాటు గడ్డలో చిన్న చిన్న రంధ్రాలు, పైన నురగ, కల్లును తలపించే వాసన ఉంటే ఈస్ట్ గాని, వాయువును పుట్టించే ఇతర బాక్టీరియా గాని చేరిందని అర్థం. రుచి చూసి నిర్ణయించుకుందామని అనుకోకుండా పారేయాలి. కొట్లో ప్యాకెట్ గాని, కప్పు గాని ఉబ్బి కనిపిస్తే, దానిపై తేదీ ఇంకా మిగిలి ఉన్నా కొనకూడదు.

ఇంటి పెరుగులో ఈ పరిస్థితికి ఎక్కువగా కారణమయ్యేది గరిటె. అన్నంలో పెట్టిన గరిటెనో, తడి చెంచానో, వేలినో గిన్నెలో ముంచడంతో బయటి సూక్ష్మజీవులు లోపలికి చేరతాయి. పెరుగు గిన్నెకు ఎంగిలి తగలకూడదని పెద్దవాళ్ళు పట్టుబట్టడం చాదస్తంగా కనిపించవచ్చు గాని, నిలవ పదార్థాల విషయంలో అంతకన్నా తేలికైన, ఖర్చులేని జాగ్రత్త మరొకటి లేదు.

బూజు చుక్కలు, గులాబీ లేదా నారింజ మచ్చలు

ఈ ఒక్క విషయంలో రాజీ పనికిరాదు. పైన మనకు కనిపించే పచ్చని, నల్లని లేదా తెల్లని నూగు బూజులో ఒక భాగం మాత్రమే. దాని సన్నని పోగులు పెరుగు వంటి మెత్తని, తేమ గల పదార్థంలోకి కంటికి కనిపించకుండా దిగుతాయి. కొన్ని రకాల బూజులు విషపదార్థాలను కూడా తయారుచేస్తాయి. వాటిలో చాలావాటిని వంటింటి మరుగు నాశనం చేయలేదు. కనుక పై పొర తీసేసినా, ఆ పెరుగును పులుసులో వేసి కాచినా ప్రయోజనం ఉండదు. గులాబీ, నారింజ రంగు మచ్చలు సాధారణంగా ఈస్ట్ వల్ల, కొన్నిసార్లు బాక్టీరియా వల్ల వస్తాయి. వాటికీ ఇదే నియమం. ఆవుపాల మీగడలోని లేత పసుపు మాత్రం సహజమైన రంగే కాబట్టి దానిని చూసి కంగారుపడనవసరం లేదు.

గిన్నె మొత్తం పారేసి, పాత్రను, మూతను వేడినీటితో కడిగి, ఎండలో ఆరబెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యంగా ఆ గిన్నెలో నుంచి మరుసటి రోజుకు తోడు తీసిపెట్టకూడదు.

పెరుగు తీగలా సాగుతోంది

కొన్ని లాక్టిక్ బాక్టీరియా రకాలు జిగురు పదార్థాన్ని తయారుచేస్తాయి. చలికాలంలో పాలు తగినంత వెచ్చగా లేక నెమ్మదిగా తోడుకున్నప్పుడు ఈ జిగురు ఎక్కువగా కనిపిస్తుంది. వాసన బాగున్నంతవరకు అది హాని చేయదు గాని, దుర్వాసన కూడా తోడైతే పారేయాలి. కారణం తోడులోనే ఉంటుంది కాబట్టి, ఎన్నిసార్లు పాలు మార్చినా అదే తోడు వాడుతున్నంతకాలం జిగురు పోదు. పొరుగింటి నుంచి కొత్త తోడు తెచ్చుకుని, పాలను బాగా కాచి, వేలు పెడితే ఓర్చుకోగలిగిన గోరువెచ్చదనంలో తోడుపెట్టాలి. దీపాలు పెట్టాక పాలు, పెరుగు ఇవ్వని ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి కాబట్టి ఆ పని పగలే చూసుకోవడం మేలు. విదేశాల్లో ఉన్నవారు కొన్న పెరుగును తోడుగా వాడేటప్పుడు, అందులో సజీవ బాక్టీరియా ఉన్నట్టు డబ్బాపై రాసి ఉందో లేదో చూసుకోవాలి. తయారయ్యాక మళ్ళీ వేడిచేసిన పెరుగు తోడుకు పనికిరాదు.

చేదు తగులుతోంది

పాలను కాచకుండా ఎక్కువ రోజులు ఫ్రిజ్‌లో ఉంచితే చలిలో కూడా ఎదిగే బాక్టీరియా కొన్ని ఎంజైములను విడుదల చేస్తుంది. కాచినప్పుడు ఆ బాక్టీరియా చచ్చినా ఎంజైములు మిగిలి, మాంసకృత్తులను విడగొట్టి చేదు పుట్టిస్తాయి. తాజా పాలతో తోడుపెట్టడమే దీనికి మందు. కళాయి పోయిన ఇత్తడి, రాగి పాత్రల్లో పెరుగు ఉంచినప్పుడు కూడా లోహపు వగరు దిగుతుంది. ఆ పెరుగు తినకూడదు. స్టీలు, గాజు, పింగాణీ పాత్రలే నిలవకు తగినవి.

బయట మరిచిపోయాం

మరిగించిన పాలతో తోడుపెట్టి, గరిటె ముట్టించని గిన్నె రాత్రంతా బయట ఉంటే అది పులిసి ఉంటుంది, అంతే. వాడుతున్న గిన్నె, తెరిచిన ప్యాకెట్, ఉల్లిపాయ లేదా కీరదోస కలిపిన పెరుగు పచ్చడి విషయం వేరు. అటువంటివి బయట రెండు గంటలకు మించి, గది వేడి 32 డిగ్రీలు దాటితే ఒక గంటకు మించి ఉండకూడదన్నది ఆహార భద్రతలో సాధారణంగా పాటించే నియమం. మన ఏప్రిల్, మే నెలల్లో వర్తించేది ఆ ఒక గంటే. ప్రయాణానికి పాలు ఎక్కువ పోసి కలిపే దద్దోజనానికి తొలి గంటల్లో ఆమ్లపు కాపలా ఉండదు కాబట్టి, పొద్దున కలిపినది రాత్రికి దాచకుండా మధ్యాహ్నంలోగా ముగించాలి. కరెంటు పోయినప్పుడు తలుపు తీయని ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలు చల్లదనాన్ని నిలుపుకుంటుంది.

రోగం తెచ్చే కొన్ని సూక్ష్మజీవులు వాసనను గాని, రంగును గాని మార్చవు. అందుచేత గర్భిణులకు, పసిపిల్లలకు, వృద్ధులకు పచ్చిపాలతో తోడుపెట్టిన పెరుగును, ఎన్ని గంటలు బయట ఉందో తెలియని పెరుగును పెట్టకూడదు.

నిలవ ఉంచే పద్ధతి

పెరుగును ఫ్రిజ్ తలుపులో కాక లోపలి అరలో, మూతపెట్టి ఉంచాలి. మూత లేకపోతే పక్కనున్న ఉల్లిపాయ వాసనంతా పట్టేస్తుంది. ఒకే పెద్ద గిన్నెకు బదులు రెండు చిన్న గిన్నెల్లో తోడుపెట్టుకుంటే ఒకటి వాడుతుండగా రెండవది ముట్టకుండా ఉంటుంది. తెరిచిన డబ్బాను వారంలోపు ముగించాలి, ఎందుకంటే దానిపై ముద్రించిన తేదీ తెరవని డబ్బాకే వర్తిస్తుంది. ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన పెరుగు కరిగాక పలుకులు పలుకులుగా మారుతుంది కాబట్టి అన్నంలోకి బాగుండదు గాని, ఊరు వెళ్ళే ముందు రెండు మూడు చెంచాల తాజా పెరుగును ఐసు ట్రేలో పెట్టి వెళితే, తిరిగి వచ్చాక తోడుకు వెతుక్కోనవసరం ఉండదు.