కాలవగట్టు మీద 800 మీటర్లు ఎలా పరిగెత్తాలి

ముందు గట్టు మీద 400 మీటర్లు టేపుతో కొలిచి, చివరనున్న కొబ్బరిచెట్టుకి సున్నం బొట్టు పెట్టండి. వెళ్లి వస్తే 800. వాన పడితే మానేయండి, ఒండ్రుమట్టి బూటుకి కిలో లెక్కన అంటుకుంటుంది.

అసలు తప్పు మొదటి సగంలోనే, మరీ జోరుగా మొదలుపెట్టడం. అమెరికా రన్నర్ మెల్ షెపర్డ్ 1908 లండన్ ఒలింపిక్స్‌లో మొదటి 400ని 53 సెకన్లలో లాగేసి, 1 నిమిషం 52.8 సెకన్లకి ప్రపంచ రికార్డుతో గెలిచాడు (1500 కూడా ఆయనదే), అంటే రెండో సగానికి దాదాపు 60 పట్టింది. 1912 స్టాక్‌హోమ్‌లో మాత్రం సెకనులో పదో వంతు తేడాతో టెడ్ మెరెడిత్ చేతిలో ఓడాడు. షెపర్డ్‌ని కాపీ కొట్టబోయి నేను తిరుగుదారిలో రేవు మెట్ల మీద కూలబడ్డాను. మీ బెస్ట్ 400 టైముకి ఐదారు సెకన్లు కలిపి, ఆ వేగంతో మొదలుపెట్టండి. వారానికోసారి 200 మీటర్లు ఆరుసార్లు, మధ్యలో రెండేసి నిమిషాలు నడక.